తెల్ల పోగు

పత్తి జిన్నింగు మిల్లు గేటు పక్కన నా భార్య ఫొటో ఉండేది. నిలువెత్తు ఫ్లెక్సీ. తలకు తెల్ల రుమాలు కట్టుకొని, రెండు చేతుల దోసిట్లో పత్తి పట్టుకొని రాజక్క నవ్వుతుంటుంది. కింద ఇంగ్లీషులోనూ మరాఠీలోనూ రాసి ఉంటుంది. ఇంగ్లీషు నాకు రాదు. మరాఠీ బడిలో ఏడు చదివాను కాబట్టి రెండోది చదివాను. శుభ్రమైన పత్తి, సంతోషంగా ఉన్న రైతు అని. పోయిన ఏడాది ముంబై నుంచి వచ్చినవాళ్లు మా చేనులోనే తీశారు దాన్ని. నవ్వమని నాలుగుసార్లు అడిగించుకుంది. అడగ్గానే నవ్వే మనిషి కాదు.

మాది రాజురా అవతలి ఊరు. నాలుగెకరాల నల్లరేగడి, రెండు ఎద్దులు. మూడేళ్లుగా మా ఊరి పత్తి అనంతరావు జిన్నింగుకే పోయేది. అక్కడ గింజ తీసి బేళ్లు కడతారు. బేళ్లు నూలు మిల్లుకు పోతాయి, నూలు బట్టవుతుంది, బట్ట అంగీలై ఎక్కడో చలిదేశానికి పోతుంది. ఆ దేశపు కంపెనీ తరఫున నాగపూర్ నుంచి ప్రతీక్ అనే ఉద్యోగి బండి మీద వచ్చి మాకు పాఠాలు చెప్పేవాడు. పత్తి ఏరే ఆడవాళ్లు తలకు రుమాలు కట్టాలి, వెంట్రుక రాలొద్దు. ఎరువుల సంచుల్లో నింపొద్దు, కంపెనీ ఇచ్చిన నూలు సంచుల్లోనే నింపాలి. ఎందుకంటే ప్లాస్టిక్ పోగు ఒక్కటి పత్తిలో పడితే మిషన్లో వెయ్యి ముక్కలవుతుంది. ఆ ముక్కలు దారంలో కలుస్తాయి. బట్టకు రంగు వేసినప్పుడు పత్తి రంగు తాగుతుంది, ప్లాస్టిక్ తాగదు. అప్పుడు బయటపడుతుంది.

ఒకసారి అతను సంచీలోంచి నీలం గుడ్డ ముక్క తీసి చూపించాడు. ముదురు నీలం మీద సున్నం చిలికినట్టు చుక్కలు. దీనివల్ల సరుకు మొత్తం వాపస్ వచ్చిందని చెప్పాడు.

"ఒక్క పోగు చాలు కాకా" అన్నాడు.

మేం తలలూపాం. మంచి విద్యార్థులం మేము.

శ్రావణంలో సర్కారు బయటి దేశాల పత్తి మీద సుంకం ఎత్తేసింది. పొలాల పండుగకు ఎద్దుల కొమ్ములకు రంగు వేస్తుంటే మా అన్న కొడుకు గోపాల్ వచ్చి చెప్పాడు. గోపాల్ రైతు సంఘం మనిషి. మా పత్తి అంగీలై ఆ దేశాలకు పోతుందట, వాళ్ల పత్తి బేళ్లై మన రేవులో దిగుతుందట. ఇందులో తెలివి ఏమిటో నాకు అర్థం కాలేదు. దసరా తర్వాత మొదటి ఏరుడు పత్తి ట్రాక్టరులో వేసుకొని గేటు దగ్గరికి పోయాక దెబ్బ మాత్రం అర్థమైంది. అనంతరావు సన్నగా, మెత్తగా ఉండే మనిషి. గొంతు పెంచడు. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి పత్తి తీసి వాసన చూస్తాడు. ఈ ఏడు మీ పత్తికి తొందర లేదు, బ్రెజిల్‌ది వచ్చిందని చేతులు జోడించి మరీ చెప్పాడు. మూడు రోజులు ట్రాక్టర్లు వరసలో నిలబడ్డాయి. నాలుగో రోజు అతను చెప్పిన ధరకే దించి వచ్చాం. నేను దించుతుంటే ఫ్లెక్సీలో నుంచి రాజక్క నవ్వుతోంది.

అసలు రాజక్క ఆ గేటు లోపలే ఉంది. మా చేనులో పని లేని రోజుల్లో జిన్నింగుకు పోయేది. లోపల రబ్బరు పట్టా మీద పత్తి కదిలిపోతుంటే రెండు వైపులా ఆడవాళ్లు కూర్చొని పుల్ల, వెంట్రుక, రంగు దారం ఏరి తీసేస్తారు. ముప్ఫై మంది. నాలుగు సీజన్లుగా రాజక్క చోటు పట్టా చివర, మా పక్కింటి మల్లవ్వ ఎదురుగా.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు బామ్ని ఫాటా కూడలిలో రాస్తారోకో అని సంఘం పిలుపు ఇచ్చింది. పొద్దున్నే రాజక్క రుమాలు మడత పెట్టుకుంటోంది.

"ఇయ్యాల పోకు" అన్నాను.

"ఇయ్యాల పోకుంటె రేపు గేటు తియ్యడు."

"ఊరంత రోడ్డు మీద కూసుంటుంటె నువ్వు ఆనికి పత్తి ఏరుతవా?"

"నువ్వు రోడ్డు బంద్ జెయ్యి. నేను పొయ్యి బంద్ గాకుంట జూస్త" అని ఆటో ఎక్కింది.

మల్లవ్వ ఆటోలోంచి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు నాకు మండింది. ఆ మంటతోనే బామ్ని పోయాను.

ఫాటా దగ్గర నాలుగు వైపులా ట్రాక్టర్లు అడ్డం పెట్టాం. కొందరు పత్తి తెచ్చి రోడ్డు మీద పోశారు. పోలీసులు చెట్ల నీడన నిలబడి చూస్తున్నారు. ఎండ ముదిరే వేళకు లారీలు అటు బల్లార్‌పూర్ దాకా, ఇటు వంతెన దాకా నిలిచిపోయాయి. ప్రతి బండివాడికీ ఒక కథ ఉంది. ఒకడు పెండ్లి అన్నాడు, చూస్తే బండిలో కోళ్లున్నాయి. ఒకడు పేషెంట్ అన్నాడు, అద్దం దించితే ముగ్గురు కంట్రాక్టర్లు. ఒక బాలింత వస్తే మేమే దారి చేసి పంపించాం.

రాజురా వైపు నుంచి తెల్ల జీపు ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. నల్ల అద్దాలు. ముందు అనంతరావు జిన్నింగు పేరు. దాన్ని చూడగానే నా కాళ్లు వాటంతటవే లేచాయి. పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. డ్రైవర్ కొత్తవాడు, తల బయట పెట్టి లోపల పేషెంట్ ఉంది, చంద్రపూర్ పోవాలన్నాడు.

"పేషెంట్ ఉంటె అద్దం దించు" అన్నాను.

వెనక నవ్వారు. డ్రైవర్ తల లోపలికి పెట్టి ఎవరికో ఫోన్ చేశాడు. విన్నాడు. ఫోన్ పెట్టేసి నా వంక ఒకసారి చూశాడు. ఆ చూపు కోపంగా లేదు. నేను అప్పుడు దాన్ని భయం అనుకున్నాను.

"దించు అద్దం. అనంతరావు సేటు ఉన్నడా లోపల? ఎట్లుంటడో మావోల్లు జూస్తరు" అని ఇంకోసారి గట్టిగా అరిచాను.

అద్దం దిగలేదు. జీపు వెనక్కి తిరిగి వచ్చిన తోవనే పోయింది. జనం ఈలలు వేశారు. గోపాల్ తన మెడలోని కండువా తీసి నా మెడలో వేశాడు. రాయమల్లు కాక సేటు జీపును మళ్లగొట్టాడని నాలుగు ఊళ్లవాళ్లు చెప్పుకున్నారు. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. తాగాను. ఆ పూట నా అంత మొనగాడు లేడు.

సాయంత్రం నాలుగింటికి మల్లవ్వ ఫోన్ చేసింది. చంద్రపూర్ దవాఖానకు రమ్మంది. ఏమైందంటే చెప్పలేదు.

పట్టా దాటిన పత్తి గొట్టంలోకి పోయే చోట ఇనుప స్క్రూ తిరుగుతుంటుంది. అక్కడ పత్తి అడ్డం పడితే మిషన్ ఆపి కర్రతో తీయాలి. ఆ పని మగవాళ్లది. ఆ రోజు మగవాళ్లంతా నాతో రోడ్డు మీద ఉన్నారు. లెక్కలు చూసే మునీం మిషన్ ఆపొద్దన్నాడు, రాజక్కను తీయమన్నాడు. ఆమె కుడిచేతికి ఇప్పుడు బొటనవేలు ఒక్కటే ఉంది.

కుట్లు వేసిన డాక్టరు చిన్న వయసు మనిషి. ఒక గంట ముందు తెస్తే రెండు వేళ్లయినా అతికించేవాణ్ని, ఏ తోవన వచ్చారని అడిగాడు. గనుల తోవ అంది మల్లవ్వ. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంటలు పడ్డ తోవ అది. అటు నుంచి ఎవరూ రారు. మల్లవ్వ నా మొహం చూసి, తర్వాత నేల చూసింది. ఎందుకు ఆ తోవన వచ్చారని నేను అడగలేదు.

దవాఖాన కాగితంలో డ్రైవర్ ఏదో రాయించి పోయాడు. విద్య చదివి చెప్పింది. విద్య మా బిడ్డ, రాజురాలో డిగ్రీ చదువుతోంది. ఇంట్లో గడ్డి కోసే మిషన్లో చెయ్యి పడిందని ఉంది.

"మనింట్ల గడ్డి మిషన్ ఏడున్నది బాపూ?" అంది.

మా ఎద్దులకు నేను కొడవలితోనే కోస్తాను.

పది రోజుల తర్వాత గోపాల్‌ను తీసుకొని జిన్నింగు ఆఫీసుకు పోయాను. అనంతరావు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. జరిగింది వినడానికి కూడా బాధగా ఉందన్నాడు. అయితే ఆ పేరుగల మనిషి తన దగ్గర పనిలో లేదన్నాడు. హాజరీ పుస్తకం తెరిచి మా వైపు తిప్పాడు. ముప్ఫై మంది కూర్చునే పట్టాకు అందులో ఎనిమిది పేర్లున్నాయి. మల్లవ్వ పేరు కూడా లేదు. ఎవరికో అన్నం తెచ్చిందేమో, ఏదో ముట్టుకుందేమో, తనకు తెలియదన్నాడు.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది.

"మరి గామె ఎవలు?" అన్నాను.

అతను లేచి కిటికీ దగ్గరికి పోయి చూశాడు. అప్పటిదాకా ఆ ఫొటోలో ఉన్నది రాజక్క అని అతనికి తెలియదనుకుంటాను. వచ్చి కూర్చుని నెమ్మదిగా మరాఠీలో చెప్పాడు.

"ఆమె రైతు. వర్కర్ కాదు."

నేను చాయ్ తాగకుండా లేచాను. గోపాల్ తాగాడు. అతనికి అలవాటు, ఆఫీసుల్లో తిరిగి తిరిగి.

తర్వాత గోపాల్ చేయాల్సినవన్నీ చేశాడు. తహసీలు ముందు ఆరు రోజులు కూర్చున్నాం. లేబరు ఆఫీసులో అర్జీ పెట్టాం. అక్కడి సార్లు మంచిగానే మాట్లాడారు. ఆమె అక్కడ పనిచేసినట్టు కాగితం ముక్క తెమ్మన్నారు. కాగితం అనంతరావు దగ్గరుంది, అందులో ఆమె లేదు. మిగతా ఆడవాళ్లు సాక్ష్యం చెప్పాలంటే సీజను మధ్యలో పని పోగొట్టుకోవాలి. మల్లవ్వ చెబుతానంది. ఇద్దరు మనవరాళ్లను సాకుతున్న మనిషి. రాజక్కే వద్దంది.

రాత ఎక్కని మనిషి చెయ్యి కూడా ఎక్కడా పోలేదు. సంగతి అక్కడికి వచ్చి ఆగింది. రాజక్క దవాఖాన నుంచి వచ్చాక ఒక్క మాటే అడిగేది, నేను ఏ ఆఫీసు నుంచి తిరిగి వచ్చినా సరే.

"నా పేరు రాసిన్రా?"

లేదనేవాణ్ని. ఎడమచేత్తో అన్నం కలుపుకునేది.

నేను న్యాయం గురించి ఆలోచించడం కార్తీకంలో మానేశాను. వాడికి నష్టం కావాలి. అంతే. ఆ మాట మనసులో అనుకున్నాక నిద్ర బాగా పట్టింది.

ఒక మధ్యాహ్నం పశువుల కొట్టం వెనక చాట ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఎరువుల సంచి మూతి కుట్టిన ఎర్ర దారం, పాత టార్పాలిన్ అంచున ఊడిన నీలం పోగులు విప్పి వేలెడంత ముక్కలు కోస్తున్నాను. రెండో ఏరుడు పత్తి మర్నాడు పోవాలి. ప్రతీక్ చెప్పిన పాఠం నాకు బాగా గుర్తుంది. ఒక్క పోగు చాలు.

రాజక్క ఎప్పుడు వచ్చిందో తెలియదు. చాటలోకి వంగి చూసింది. ఏమిటిది అని అడగలేదు. నాలుగు సీజన్లు అవే ఏరి పారేసిన మనిషి.

"ఎర్రది మల్లవ్వ కంట్ల పడ్తది. తీసి పారేస్తది. పడకపోతె దాని పని ఊడ్తది. సేటుకేం గాదు" అంది.

నేను కత్తెర కింద పెట్టాను. రాజక్క బోర్లించిన కుడితి తొట్టి మీద కూర్చుంది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ దినం నేను జీపులున్న" అంది.

నేను తల ఎత్తలేదు.

"నీ గొంతు విన్న. అద్దం దించు అన్నవు, రెండు పార్లు. దించొద్దని సేటు ఫోన్ల జెప్పిండు. మునీం మల్లవ్వ నోరు మూసిండు. నేను నొప్పికి రుమాలు నోట్ల కుక్కుకున్న. గుంజి పిలుద్దమనేటాల్లకు జీపు మళ్లింది. అందరు ఈలలేసిన్రు."

ఏడవలేదు. గొంతులో కోపం లేదు. బావిలో నీళ్లెంత ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. నేను ఏదో అనబోయాను. ఆమె చాటలోని ఎర్ర దారాన్ని ఎడమచేత్తో తీసి పక్కన పడేసింది.

"చక్కెర సంచి తే. తెల్లది" అంది.

తెల్ల పత్తిలో తెల్ల ప్లాస్టిక్ పోగు ఏ కంటికీ కనబడదు. పట్టా మీద మల్లవ్వకు కనబడదు, బేలు కట్టేవాడికి కనబడదు, నూలు మిల్లువాడికీ కనబడదు. రంగు నీళ్లకే కనబడుతుంది. అప్పటికి అది ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లోంచి ఎన్నో ఊళ్లు దాటి పోయి ఉంటుంది.

సంచి తెచ్చాను. ఆమె ఎడమచేత్తో పోగులు లాగింది, నేను కత్తిరించాను. చాట నిండింది. పొద్దు వాలేలోగా నూలు సంచుల్లో పత్తి తొక్కుతూ పొరకు ఇంత చొప్పున చల్లాం, విత్తనం చల్లినట్టు.

మర్నాడు పొద్దున్నే విద్య దువ్వెన పట్టుకొని తల్లి జడ వేయడానికి వచ్చింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ అదే వేస్తోంది. రాజక్క దాని చేతిలోంచి దువ్వెన తీసుకుంది. వచ్చి నా ముందర పెట్టింది. నాకు వీపు చేసి కూర్చుంది. నాకు జడ వేయడం రాదు. మూడు పాయలు తీయడానికే చెమట పట్టింది.

మేం ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులకు మా చిన్నమ్మ సమ్మక్క ఏదో పని మీద వచ్చి కొట్టం వైపు చూసి పోయింది. తర్వాతి వారం ఆమె ఇంటి ముందు ఎండలో చక్కెర సంచి ఒకటి కనబడింది, సగం విప్పి. ఆమె ఎవరికి చెప్పిందో నేను అడగలేదు. కానీ మార్గశిరం వచ్చేసరికి మా ఊరి కిరాణా కొట్టులో ఖాళీ చక్కెర సంచులు దొరకడం మానేశాయి. కొట్టు పోచన్న ఎందుకమ్మా ఇన్ని అని అడిగితే, కోళ్లకు చలి పెడుతోందని చెప్పారట ఆడవాళ్లు. ఎవరికి వారే, ఒకే మాట. సంఘం ఎన్ని మీటింగులు పెట్టినా రాని ఐక్యత అది. గోపాల్‌కు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక చిన్నబోయాడు, నాకెందుకు చెప్పలేదని. నీకు చెబితే తీర్మానం రాస్తవు అంది సమ్మక్క.

ఆ రోజుల్లోనే ప్రతీక్ తనిఖీకి వచ్చాడు. ఏ చేనుకు పోయినా ఆడవాళ్ల తలలకు తెల్ల రుమాళ్లు, గట్టు మీద నూలు సంచులు. ఒక్క వెంట్రుక లేదు, ఒక్క ఎరువుల సంచి లేదు. ఫొటోలు తీసుకున్నాడు. తాలూకాలో మీదే మంచి గ్రూపు అన్నాడు. మా చేనుకు వచ్చినప్పుడు రాజక్కను చూశాడు. చేతిని చూశాడు. ఏమైందని అడగలేదు, అంటే తెలుసన్నమాట. చేను గట్టున కూర్చొని కాగితం నింపాడు. అందులో ప్రమాదాలు అనే గడి ఒకటి ఉంటుంది. మూడేళ్లుగా చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. అక్కడ ఏమీ లేవన్నట్టు గీత గీశాడు.

మాఘంలో బట్ట వాపస్ వచ్చింది.

అంతకు నాలుగు రోజుల ముందే ప్రతీక్ ఫోన్ చేసి ఊరందరినీ బడి వరండాలో కూర్చోమన్నాడు. అనంతరావు తెల్ల జీపులో వచ్చాడు. అతనితో ముంబై నుంచి ఆ కంపెనీ మనిషి నిఖిల్ వచ్చాడు. బడి టేబుల్ మీద నీలం థాను విప్పి పరిచారు. టేబుల్ దాటి నేల దాకా జారింది. దాని మీద జల్లెడలోంచి పిండి రాలినట్టు తెల్లగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. నాకు గుండె నిండినట్టయింది. ఆ ఏడు నేను చూసిన మంచి పంట అదే.

నిఖిల్ మర్యాదగా మాట్లాడాడు. మీ ఊరి పత్తితో కట్టిన బేళ్లవల్లే ఇట్లా అయింది, సరుకంతా ఆగిపోయింది, ఎక్కడ కలిసిందో తేల్చకుండా పోనన్నాడు. అనంతరావు ఎవరి వంకా చూడకుండా గోపాల్ వంక చూశాడు. ఇది పొరపాటు కాదు, సంఘంవాళ్లు చేనులో కావాలని కలిపించారు, పోలీసు కేసు పెడతానన్నాడు. ఆ మాట కూడా మెత్తగానే అన్నాడు. గోపాల్ మొహం పాలిపోయింది. అతని మీద అప్పటికే రాస్తారోకో కేసు ఉంది. ఇది కూడా పడితే లోపలికే. నేను లేవబోయాను.

రాజక్క నా భుజం మీద ఎడమచెయ్యి వేసి, దాని మీద బలం పెట్టి తను లేచింది. నేను కూర్చుండిపోయాను. కుడిచెయ్యి కొంగు కింద ఉంది.

"నేను కలిపిన" అంది.

మరాఠీలోనే అంది. ఆమెది కూలి దగ్గర నేర్చిన మరాఠీ, కానీ అందరికీ అర్థమైంది. నిఖిల్ ఆమెను చూశాడు. ఇంకోసారి చూశాడు. గేటు దగ్గర ఫొటో అతను అప్పుడే చూసి వచ్చాడు. చేనులో కలిపావా అని అడిగాడు.

"చేన్ల కాదు. జిన్నింగుల. పట్టా చివర కూసుంట నేను. మల్లవ్వ కెదురుంగ. పుష్యం నెలంత ఆడనే కలిపిన."

మల్లవ్వ గోడకు ఆనుకొని ఉంది. నోరు తెరిచి మూసింది. రాజక్క పుష్యంలో గడప దాటలేదని ఊరందరికీ తెలుసు. ప్రతీక్ చేతిలో బేళ్ల తారీఖుల కాగితం ఉంది, అవన్నీ పుష్యానికి ముందువి. దాన్ని చూసి రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నిఖిల్ అనంతరావు వైపు తిరిగాడు. జిన్నింగులో కలిసిందంటే తప్పు చేనువాళ్లది కాదు. జిన్నింగుది. ఆ సంగతి అనంతరావుకు అందరికంటే ముందు తట్టింది. మొదటిసారి అతని గొంతు పెరగడం విన్నాను.

"అబద్ధం! ఈమె దీపావళి నుంచి పనికే రాలేదు!"

అనంతరావు ఇంకా చెయ్యి ఆడిస్తున్నాడు. అన్న మాట ఏమిటో అతనికి ఇంకా చేరలేదు.

"దీపావళి దాకా వచ్చిందా?" అన్నాడు నిఖిల్.

రాజక్క కొంగు కింద నుంచి చెయ్యి తీసింది. టేబుల్ దగ్గరికి పోయి, ఆ నీలం బట్ట మీద, చుక్కల మధ్యన పెట్టింది. నేను కూడా ఆ చేతిని అంత వెలుతురులో అంతసేపు చూసి ఉండలేదు.

"తర్వాత ఎందుకు రాలేదో నువ్వే జెప్పు సేటు" అంది.

గోపాల్ అంతా రికార్డు చేస్తూ ఫోన్ పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. వచ్చిన పని తలుచుకొని నిఖిల్ పుస్తకం తెరిచాడు. పట్టా మీద ఎంతమంది పనిచేస్తారు, హాజరీలో ఎంతమంది పేర్లున్నాయని ప్రతీక్‌ను అడిగాడు. ప్రతీక్ బట్ట మీది చేతిని చూశాడు. "ముప్ఫై. ఎనిమిది" అన్నాడు.

ఆ తర్వాతవి తొందరగా అయిపోయాయి. కంపెనీ అనంతరావును వదిలేసింది. మా ఊరినీ వదిలేసింది. జిన్నింగు సీజను ముగియకముందే మూతపడింది. ముప్ఫై మందీ పని లేక కూర్చున్నారు. మల్లవ్వ మనవరాళ్లను చెల్లెలింట్లో, కోఠారిలో వదిలి మిరపకాయ ఏరడానికి తెలంగాణకు పోయింది. పోయేముందు వచ్చి రాజక్క పక్కన కాసేపు కూర్చుంది. నా చేతులు మంటలెత్తుతయి ఇగ, అయినా మంచిగ జేసినవు అంది. నాతో మాట్లాడలేదు.

లేబరు ఆఫీసులో గోపాల్ ఫోన్‌లోని మాట వినిపించారు. సార్లు ఈసారి కాగితం అడగలేదు. అనంతరావు హాజరీ పుస్తకం తెచ్చి వాళ్ల ముందు కొత్త సిరాతో పేరు రాశాడు. రాజక్క పక్కనే నిలబడి అతని చెయ్యి కదలడం చూసింది. తారీఖు కూడా వెయ్యమంది. వేళ్లకు ధర కట్టే పట్టిక ఒకటి ఉంటుందని, బొటనవేలికి ఒకటి, చూపుడువేలికి ఒకటి వేరువేరుగా ఉంటాయని అక్కడే తెలిసింది. ఎంతో ఇక్కడ రాయను.

అనంతరావు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముసలివాడైనట్టు ఉన్నాడు. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాను కూడా.

ఒకసారి విద్య అంది. ఆ బట్టతో అంగీలు కుట్టేవాళ్లు కూడా అమ్మ లాంటి ఆడవాళ్లే ఉంటారు బాపూ, ఏ దేశంలోనో, సరుకు ఆగితే వాళ్లను ఇంటికి పంపేసి ఉంటారని. చదువుకున్న పిల్ల, నిజమే అయి ఉంటుంది. రాజక్క వింటూనే ఉంది. "పంపిండొచ్చు" అంది. ఎడమచేత్తో పప్పులో రాళ్లు ఏరుతోంది. ఇప్పుడు ఆ చెయ్యి కూడా తొందరగానే ఏరుతుంది.

జిన్నింగు గేటుకు ఇప్పుడు తాళం ఉంది. ఫ్లెక్సీ ఎవరో విప్పుకుపోయారు. చట్రం మాత్రం మిగిలింది.

జీపు మాట రాజక్క మళ్లీ ఎత్తలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. రాయమల్లు సేటు జీపును మళ్లగొట్టాడని సంఘంవాళ్లు ఇప్పటికీ మీటింగుల్లో చెబుతుంటారు. ఆమె ఆడవాళ్లలో కూర్చొని వింటుంది. చెప్పడం అయ్యాక అందరితో పాటు ఎడమచేత్తో తొడ మీద చప్పట్లు కొడుతుంది. నేను నేల చూస్తాను.

ప్రతి పొద్దునా దువ్వెన నా ముందర పెడుతుంది. నాకు ఇప్పుడు జడ బాగా వచ్చు. చిక్కు తీస్తాను, పాయలు తీస్తాను, బిగించి అల్లుతాను. గట్టిగా లాగినా నొప్పి అనదు. మొన్న ఒక రోజు విద్య ఇంట్లో లేదు. రాజక్క వీపు నా ముందర ఉంది, మొహం అటు ఉంది. చెప్పడానికి అదే తేలిక అనిపించింది.

"ఆ దినం నేను..." అన్నాను.

"జడ వెయ్యి" అంది.